బ్రసెల్స్‌లో మంచి బీరు బారును, దుకాణాన్ని గుర్తుపట్టడం ఎలా?

యూరప్ టూర్ ప్యాకేజీల్లో బ్రసెల్స్‌కు దక్కేది మహా అయితే ఒక పూట. గ్రాండ్ ప్లాస్ చౌకు చూసి, మానెకెన్ పిస్ విగ్రహం దగ్గర ఫొటో దిగి, చాక్లెట్లు కొనుక్కుని బస్సెక్కేస్తారు. ఈ మధ్యలో కాళ్లు నొప్పి పుట్టి ఎక్కడో ఒకచోట కూర్చుంటే, అది ఆ చౌకు పక్క వీధుల్లోని బారే అవుతుంది. అక్కడ పెద్ద గ్లాసులో వచ్చే లాగర్‌కీ హైదరాబాద్‌లోనో విజయవాడలోనో దొరికే లాగర్‌కీ చెప్పుకోదగ్గ తేడా ఉండదు. బెల్జియం బీరు సంస్కృతిని యునెస్కో 2016లో మానవాళి అమూర్త వారసత్వ జాబితాలో చేర్చింది. అంత పేరు తెచ్చిన బీర్లు అదే ఊళ్లో, చాలావరకు నడిచి వెళ్లగలిగే దూరంలోనే దొరుకుతాయి. వాటిని పట్టుకోవడానికి అదృష్టం అక్కర్లేదు, ఏం చూడాలో తెలిస్తే చాలు.

ముందుగా తేల్చుకోవాల్సింది బారులో ఎన్ని రకాలున్నాయన్నది కాదు. తాగబోయే బీరుకు కాలం మేలు చేస్తుందా, కీడు చేస్తుందా అన్నది. బారు ఎంపిక, దుకాణం ఎంపిక రెండూ దీని మీదే ఆధారపడతాయి.

హాప్స్ పూల వాసన మీద నిలబడే పేల్ ఏల్, ఐపీఏ, పిల్స్, గోధుమతో కాచే విట్ లాంటి తేలిక బీర్లు తాజాగా ఉన్నప్పుడే బాగుంటాయి. సీసాలోనో క్యాన్‌లోనో నింపిన రోజు నుంచే ఆక్సిజన్ వాటిని కొరకడం మొదలుపెడుతుంది. ముందు హాప్స్ వాసన పోతుంది, తర్వాత తడిసిన అట్టముక్క వాసన వస్తుంది. ఇలాంటివాటిని నింపిన మూడు నెలల్లోపు తాగాలి. ఫ్రిజ్‌లో ఉంటే ఇంకొంచెం ఆగుతాయి, వేడిలో ఉంటే అంతకూడా ఆగవు. ముదురు రంగులో ఉండి, ఆల్కహాల్ 8 శాతం దాటిన ట్రాపిస్ట్ బీర్లు (క్రైస్తవ సన్యాసుల మఠాల్లో కాచేవి), బ్రసెల్స్ చుట్టుపక్కల కాచే పుల్లటి లాంబిక్‌లు మరో జాతి. వాటి సీసాల్లో ఈస్ట్ బతికే ఉంటుంది. లోపలికి చేరిన కాస్త ఆక్సిజన్‌ను అది వాడేసుకుంటుంది. ఆల్కహాలో పులుపో చెడగొట్టే సూక్ష్మజీవులను దగ్గరికి రానివ్వదు. కొన్నింటికి రుచి కుదరడానికే ఏళ్లు పడుతుంది.

కాబట్టి మొదటి జాతి బీరు కావాలంటే పీపాలు వేగంగా ఖాళీ అయ్యే బారుకు వెళ్లాలి. రెండో జాతి కావాలంటే మంచి సెల్లార్ ఉన్న బారుకు వెళ్లాలి. రెండూ ఒకేచోట కుదరడం అరుదు. బ్రసెల్స్‌లో అలాంటివి కొన్ని ఉన్నాయి గానీ, వాటిని వెతికి పట్టుకోవాలి.

ట్యాపుల సంఖ్య చెప్పే లెక్క

గోడకు వరసగా నలభై ట్యాపులు కనిపిస్తే ఎవరికైనా ఉత్సాహం వస్తుంది. ఆగి ఒక చిన్న లెక్క వేసుకోవాలి. చిన్న బ్రూవరీలు కాచే క్రాఫ్ట్ బీరు తరచుగా 20 లీటర్ల కెగ్‌లలో, అంటే మూసిన పీపాల్లో వస్తుంది. నలభై ట్యాపులంటే 800 లీటర్లు, అంటే 25 సెంటీలీటర్ల గ్లాసులు 3,200. ఆ బారు రోజుకు 200 గ్లాసులు అమ్మినా అవన్నీ ఖాళీ అవడానికి 16 రోజులు పడుతుంది. అదీ సగటు లెక్కే. పేరున్న ఐదారు బీర్లు నాలుగు రోజుల్లో అయిపోతే, ఎవరూ అడగని మూలనున్న ట్యాపు నెల దాటినా అలాగే ఉండిపోతుంది. అదే అమ్మకం ఉన్న బారులో పన్నెండు ట్యాపులే ఉంటే 960 గ్లాసులు ఐదు రోజుల్లో అయిపోతాయి. తెరిచిన కెగ్‌లోని హాప్స్ బీరు వారం, పది రోజుల్లో అయిపోతేనే మంచిది. కాబట్టి చిన్న బారుకు చిన్న జాబితా లోపం కాదు. నలభై ట్యాపులు నడపాలంటే రోజూ నిండే బారై ఉండాలి.

కెగ్ నుంచి ట్యాపు దాకా బీరు ప్రయాణించే గొట్టాన్ని కూడా మరిచిపోకూడదు. కడగకుండా వదిలేస్తే ఆ గొట్టం గోడల మీద ఈస్ట్, బ్యాక్టీరియా పొరలా పేరుకుంటాయి. అమెరికాలోని బ్రూవర్స్ అసోసియేషన్ ప్రమాణం ప్రకారం 14 రోజులకోసారి గొట్టాలను రసాయనంతో కడగాలి. కడిగిన తేదీని అడిగితే మంచి బారు వాళ్లు చిన్నబుచ్చుకోరు, వెంటనే చెబుతారు. అలా అడగడానికి మొహమాటంగా ఉంటే ఇంకో దారి ఉంది: "ఈ వారం కొత్తగా ఎక్కించిన కెగ్ ఏది?" అని అడగాలి. అడిగింది అడిగినట్టు చూపించగలిగితే అక్కడ బీరును పట్టించుకునే మనిషి ఉన్నట్టే. "అన్నీ ఫ్రెష్షే" అని జవాబొస్తే సీసా బీరు చెప్పుకోవడం క్షేమం.

బ్రసెల్స్ నడిబొడ్డున డెలీరియం కెఫే ఉంది. 2004లో 2,004 రకాల బీర్లతో గిన్నిస్ రికార్డు సాధించింది. చూడదగ్గ చోటే, సందేహం లేదు. కానీ రెండు వేల పేర్ల పుస్తకం చేతికొస్తే కొత్తవాళ్లు చేసేది ఒకటే, బొమ్మ బాగున్న బీరు ఎంచుకోవడం. శుక్ర, శనివారం రాత్రుల్లో ఆ సందులో మనిషి మీద మనిషి ఉంటారు, సలహా అడగడానికి కుదరదు. వెళ్లాలనుకుంటే పనిదినం మధ్యాహ్నం వెళ్లి, ట్యాపు బీరు వదిలేసి, సీసా బీర్లలో నిలవకు ఆగే రకాన్ని అడగాలి.

పర్యాటకుల చౌకులో మంచి బారు ఉండదన్న సూత్రమూ పూర్తిగా నిజం కాదు. మానెకెన్ పిస్ విగ్రహానికి ఎదురుగానే పూషెనెల్లెకెల్డర్ అనే బారు ఉంది. గోడల నిండా కీలుబొమ్మలు, చేతిబొమ్మలు వేలాడుతుంటాయి. ఫొటోల కోసం గుమిగూడిన జనానికి పది అడుగుల దూరంలో, శ్రద్ధగా కూర్చిన బీరు జాబితాతో నడుస్తోంది. చోటును బట్టి తీర్పు చెప్పేయకుండా మెనూ చదవాలన్నది ఇందుకే.

మెనూ, గొడుగు, గ్లాసు

బెల్జియంలో చాలా కెఫేలు ఏదో ఒక బీరు కంపెనీతో ఒప్పందం మీద నడుస్తాయి. కంపెనీ అప్పు ఇస్తుంది, లేదా భవనం అద్దెకిస్తుంది. బదులుగా ట్యాపుల మీద వాళ్ల బీర్లే ఉండాలి. బయట గొడుగుల మీద, బోర్డు మీద, బల్లల మీద ఒకే బ్రాండ్ పేరు కనిపిస్తే ఆ ఒప్పందం ఎవరితోనో లోపలికి వెళ్లకుండానే తెలిసిపోతుంది. అలాంటి చోట ట్యాపుల్లో ఎంచుకోవడానికి పెద్దగా ఏమీ ఉండదు. అయినా సీసాల జాబితాలో ఓర్వాల్ అనే ట్రాపిస్ట్ బీరు లాంటి మంచి బీరు ఒకటో రెండో దొరకవచ్చు. ఆకలేసి కూర్చున్నప్పుడు అదే చెప్పుకోవాలి.

మెనూలో చూడాల్సినవి నాలుగు. బీరు పేరు పక్కన కాచినవాళ్ల పేరు ఉందా? ఆల్కహాల్ శాతం ఉందా? ఎన్ని సెంటీలీటర్లో రాశారా? ట్యాపు జాబితా సుద్దతోనో తెరమీదో మారుస్తున్నారా, లేక రెండేళ్ల కిందట అచ్చేసిన లామినేషన్ కాగితమా? చెర్రీ, స్ట్రాబెరీ, పీచ్, యాపిల్, అరటి అంటూ తియ్యటి పండ్ల బీర్లే సగం పేజీ ఆక్రమిస్తే అది చాక్లెట్ షాపుకు వచ్చినవాళ్ల కోసం తయారైన జాబితా. ధరలు పోల్చేటప్పుడు గ్లాసు ధర కాకుండా సెంటీలీటరు ధర చూడాలి. 25, 33, 37.5, 75 సెంటీలీటర్ల సైజులు పక్కపక్కనే ఉంటాయి. ముగ్గురు కలిసి వెళ్తే 75 సెంటీలీటర్ల సీసా పంచుకోవడమే లాభం.

ఆల్కహాల్ శాతాన్ని చూడకుండా తాగేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. రోష్‌ఫోర్ 10 అనే ట్రాపిస్ట్ బీరులో 11.3 శాతం ఆల్కహాల్ ఉంటుంది. దాని 33 సెంటీలీటర్ల చిన్న సీసాలో శుద్ధ ఆల్కహాల్ సుమారు 29 గ్రాములు. మన దగ్గర 5 శాతం లైట్ బీరు 650 మిల్లీలీటర్ల పెద్ద సీసాలో ఉండేది దాదాపు 26 గ్రాములు. చూడ్డానికి సగం సీసాలా కనిపించేది మన పెద్ద సీసాను మించిపోతుంది. అలాంటివి సాయంత్రానికి ఒకటి చాలు, అదీ చివర్లో. మొదలుపెట్టడానికి సరైనది తారాస్ బుల్బా. బ్రసెల్స్‌లోనే బ్రాసరీ దె లా సెన్ కాచే ఈ బీరులో ఆల్కహాల్ 4.5 శాతమే, హాప్స్ చేదు మాత్రం గట్టిగా తెలుస్తుంది. ఒక బారు ఎంత శ్రద్ధగా నడుస్తోందో పరీక్షించడానికి ఇంతకన్నా మంచి బీరు లేదు. తేలిక బీరు కాబట్టి పాతబడితే దాచుకోలేదు, గొట్టం మురికైతే రెండో గుటకకే తెలిసిపోతుంది. దీన్ని కాచేచోటే తాగాలంటే పాత సరకు రవాణా ప్రాంగణం టూర్ ఎ టాక్సీ వైపు వెళ్లాలి. బ్రూవరీని ఆనుకునే వాళ్ల బారు ఉంది.

గ్లాసు వచ్చాక అరనిమిషం చూడాలి. లోపలి గోడకు బుడగలు గుంపులుగా అంటుకుని ఉంటే గ్లాసుకు జిడ్డో సబ్బో మిగిలి ఉంది. శుభ్రమైన గ్లాసులో బుడగలు అడుగు నుంచి పైకి పోతాయి, నురగ రెండు వేళ్ల మందాన నిలుస్తుంది, గుటక గుటకకీ గోడ మీద వలలాంటి చార మిగులుతుంది. మంచి బారుల్లో పోసే ముందు గ్లాసును చన్నీళ్లతో తడుపుతారు, నురగ కుదురుగా రావడానికి. నురగ ఎక్కువ వేశారని గొడవ పడనక్కర్లేదు. గ్లాసు మీద గీత ఉంటుంది, బీరు ఆ గీత దాకా ఉంటే కొలత సరిపోయినట్టే.

రుచిలో తేడా వస్తే కారణం కూడా ఊహించవచ్చు. వెన్న రాసిన పాప్‌కార్న్ వాసన వస్తే అది డయాసెటైల్ అనే రసాయనం. మురికి గొట్టంలోని బ్యాక్టీరియా పని కావచ్చు, బీరును తొందరపడి కెగ్‌లోకి ఎక్కించి ఉండవచ్చు. పుల్లగా ఉండకూడని బీరు వెనిగర్‌లా పులిస్తే ట్యాపు మూతి కడగలేదు. అట్ట వాసన వస్తే పాతది. కాలిన రబ్బరు, స్కంక్ అనే జంతువు కంపు లాంటిది కొడితే వెలుతురు తగిలింది. హాప్స్‌లోని చేదు పదార్థాలు వెలుగుకు విరిగి గంధకపు సమ్మేళనంగా మారడం వల్ల వచ్చే వాసన అది. పచ్చ సీసాలు, రంగులేని సీసాలు ఈ వెలుతురును ఆపలేవు, గోధుమరంగు సీసా చాలావరకు ఆపుతుంది. పై తేడాల్లో ఏది వచ్చినా మొదటి గుటకప్పుడే మర్యాదగా చెబితే మంచి బారు వాళ్లు మార్చి ఇస్తారు. సగం తాగాక చెబితే ఎవరూ వినరు.

ఒక్క మినహాయింపు: లాంబిక్ పులుపుగానే ఉండాలి. అది చెడిపోయిందని వెనక్కి పంపితే నష్టం తాగేవాళ్లదే.

లాంబిక్ కోసం వెళ్తే

బ్రసెల్స్‌కు బీరు కోసం ప్రత్యేకంగా వెళ్లడానికి ఒక్క కారణం చెప్పమంటే అది లాంబిక్. ఈ ఊళ్లో, దీని నైరుతి దిక్కున జెన్ నది లోయలో, పాయోటెన్‌లాండ్ పల్లెల్లో కాచే బీరు ఇది. మూడో వంతు మొలకెత్తించని పచ్చి గోధుమలు, మిగతాది బార్లీ మాల్ట్, అంటే మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ. హాప్స్ కూడా వాసన పోయిన పాతవే వేస్తారు, అవి నిలవ ఉండటానికే తప్ప చేదుకు కాదు. కాచిన మాల్ట్ రసాన్ని ఇంటి కప్పు కింద వెడల్పాటి రాగి తొట్టెలో పోసి, రాత్రంతా చల్లారనిస్తారు. ఈస్ట్ ఎవరూ వెయ్యరు. గాలిలో, దూలాల్లో, పీపాల చెక్కలో ఉన్నదే పులియబెడుతుంది. మన తాటికల్లు, ఈతకల్లు పులిసేదీ ఈ తీరునే. కాకపోతే కల్లు ఒక పూటలో ముదిరిపోతుంది, లాంబిక్ చెక్క పీపాల్లో ఏడాది నుంచి మూడేళ్ల దాకా కూర్చుంటుంది. రాత్రి చలి గట్టిగా ఉంటేనే రసం సవ్యంగా చల్లారుతుంది కాబట్టి అక్టోబరు చివరి నుంచి ఏప్రిల్ దాకానే కాస్తారు. ఏడాది, రెండేళ్లు, మూడేళ్ల లాంబిక్‌లను కలిపి సీసాలో మళ్లీ పులియబెడితే గూజ్ అవుతుంది. కుర్ర లాంబిక్‌లో మిగిలిన చక్కెర సీసాలో గ్యాసును పుట్టిస్తుంది, ముసలి లాంబిక్ లోతును ఇస్తుంది. పుల్లటి చెర్రీలు లీటరుకు సుమారు 200 గ్రాముల చొప్పున నానబెడితే క్రీక్.

ఇదంతా కళ్లారా చూడాలంటే 1900లో మొదలైన కాంటియోన్ బ్రూవరీకి వెళ్లాలి. బ్రసెల్స్ మిడీ రైల్వే స్టేషన్ నుంచి పది, పన్నెండు నిమిషాల నడక, ఆండర్లెక్ట్ ప్రాంతంలో. 1978 నుంచి అదే గూజ్ మ్యూజియం కూడా. టికెట్ కొని, రాగి తొట్టె, పీపాల వరసలు చూసి, చివర్లో రుచి చూడవచ్చు. వారమంతా తెరవరు, సాయంత్రం పెందలాడే మూసేస్తారు. వెళ్లేముందు ఆ వారం వేళలు చూసుకోవాలి. పారిస్ నుంచో లండన్ నుంచో వచ్చే రైలు మిడీ స్టేషన్‌లోనే ఆగుతుంది కాబట్టి, సామాను లాకర్‌లో పెట్టి రెండు గంటల్లో చూసి రావచ్చు. అక్కడికి కొద్ది నిమిషాల దూరంలోనే లెర్మిటాజ్ అనే చిన్న కొత్త బ్రూవరీ ఉంది. అక్కడ హాప్స్ బీర్లు తాజాగా దొరుకుతాయి. ఒక్క మధ్యాహ్నంలో రెండు జాతులూ రుచి చూడటానికి ఇంత వీలైన జోడీ ఊళ్లో ఇంకోటి లేదు.

బారులోనో దుకాణంలోనో గూజ్ కొనేటప్పుడు లేబుల్ మీద "ఔదె" అన్న మాట ఉందో లేదో చూడాలి. ఔదె గూజ్, ఔదె క్రీక్ అన్న పేర్లకు యూరోపియన్ యూనియన్‌లో చట్టపరమైన రక్షణ ఉంది. పూర్తిగా లాంబిక్‌తో చేసి, సీసాలో పులిస్తేనే ఆ పేరు పెట్టుకోవచ్చు. ఆ మాట లేని గూజ్‌లో మామూలు బీరు కలిసి ఉండవచ్చు, చక్కెర వేసి ఉండవచ్చు, వేడి చేసి ఈస్ట్‌ను చంపి ఉండవచ్చు. బోన్, ఔద్ బేర్సెల్, డ్రీ ఫోంటెయ్‌నెన్, టిల్కాన్, జిరార్డిన్ పేర్లు కనిపిస్తే లేబుల్ మీద ఆ మాట కోసం వెతకాలి. కాంటియోన్ మాత్రం "ఔదె" అని వాడదు, 100 శాతం లాంబిక్ అని రాస్తుంది. మొదటిసారి తాగేవాళ్లకు బోన్ ఔదె గూజ్ మెత్తగా ఉంటుంది. కాంటియోన్ పులుపు కొత్తవాళ్లకు కొరుకుడు పడటానికి కాస్త సమయం పడుతుంది.

గూజ్ తాగడానికి ఊళ్లో పేరున్న బారు మూదర్ లాంబిక్. అసలుది సాన్ జీల్ ప్రాంతంలో ఉంది, రెండోది 2009లో ఫోంతెనా చౌకులో తెరిచారు. గ్రాండ్ ప్లాస్ నుంచి నడిచే దూరమే. పనివాళ్లకు ప్రతి బీరు గురించీ తెలుసు. "పులుపు కావాలి, మరీ ఎక్కువ వద్దు, 6 శాతం దాటొద్దు" అని చెబితే చాలు, పేర్లు తెలియనక్కర్లేదు. పాతకాలపు కెఫే వాతావరణం కావాలంటే ఆ లా మోర్ సుబిత్ ఉంది. పొడవాటి హాలు, అద్దాలు, చెక్క బెంచీలు. అక్కడికి వెళ్లాల్సింది ఆ హాలు కోసం. ఆ పేరుతో వచ్చే ట్యాపు గూజ్ తియ్యగా ఉంటుంది, దాన్నే అసలు గూజ్ అనుకుంటే పొరపాటు.

తినడానికి గోధుమరంగు బ్రెడ్డు మీద తెల్ల జున్ను, ముల్లంగి ముక్కలు పరిచి ఇచ్చేది గూజ్‌కు సరైన తోడు, శాకాహారులకూ పనికొస్తుంది. ఫ్రైస్ విషయంలో మాత్రం అడగాలి. బెల్జియంలో సంప్రదాయంగా వాటిని గొడ్డు కొవ్వులో వేయిస్తారు. నూనెలో వేయించే చోట్లూ ఉన్నాయి, అడిగితే చెబుతారు.

వెతికే పద్ధతి

మ్యాపులో "బెస్ట్ బీర్ బార్" అని కొడితే వచ్చేవి ఎక్కువ రివ్యూలున్న చోట్లు. ఎక్కువ రివ్యూలు ఉండేది ఎక్కువమంది నడిచే వీధుల్లో. తిప్పి వెతకడం మేలు. ముందు ఆ ఊళ్లో గౌరవం ఉన్న రెండు, మూడు చిన్న బ్రూవరీల పేర్లు తెలుసుకోవాలి. తర్వాత ఆ పేర్లు ఏ బారుల రివ్యూల్లో, ఏ మెనూ ఫొటోల్లో కనిపిస్తున్నాయో చూడాలి. బ్రసెల్స్‌కైతే టిల్కాన్, కాంటియోన్, దె లా సెన్ పేర్లు చాలు. ఈ మూడూ ఒకే మెనూలో ఉంటే కళ్లు మూసుకుని వెళ్లవచ్చు.

తాగినవాళ్లు బీర్లకు మార్కులు వేసే అన్‌టాప్డ్ యాప్‌లో సగటు రేటింగ్ నమ్ముకోవద్దు. అక్కడ ఘాటుగా, తియ్యగా, అరుదుగా ఉండే బీర్లకే మార్కులు పడతాయి. తేలికగా, నిఖార్సుగా ఉండే రోజువారీ బీరు వెనకబడుతుంది. పనికొచ్చేది ఇంకొకటి: బారు పేజీలో ఈ రెండు, మూడు రోజుల్లో ఎవరు ఏం తాగారో కనిపిస్తుంది. నిన్నటి ఫొటోలో ఉన్న బీరు ఈరోజు ట్యాపు మీద ఉండే అవకాశం ఎక్కువ. ఇలాగే బీర్లకు మార్కులు వేసే రేట్‌బీర్ అనే పాత సైటు 2025లో మూతపడింది, కాబట్టి దాని జాబితాలను చూపించే పాత వ్యాసాల మీద ఆధారపడలేం.

అన్నిటికన్నా నమ్మకమైనది మొదటి మంచి బారులోని మనిషి. రద్దీ లేని వేళ, పనిదినం సాయంత్రం నాలుగు, ఐదు మధ్య వెళ్లి, ఒక గ్లాసు తాగి, "డ్యూటీ అయ్యాక మీరు ఎక్కడ తాగుతారు?" అని అడగాలి. ఏ ఊళ్లోనైనా రెండో బారు, మూడో బారు పేర్లు అలాగే దొరుకుతాయి. చిన్న బ్రూవరీల బారులు వారం మొదట్లో మూసి ఉండటం మామూలు, కాబట్టి సోమ, మంగళవారాలు పాత కెఫేలకు, గురువారం నుంచి బ్రూవరీలకు కేటాయించుకోవాలి.

దుకాణంలో

ముందు వెలుతురు చూడాలి. ఎండ పడే కిటికీలో బీరు పేర్చిన దుకాణంలో హాప్స్ బీరు కొనకూడదు. ఫ్రిజ్ ఉందా, అందులో ఐపీఏలు పెట్టారా, లేక చల్లగా అమ్మడానికి లాగర్లు పెట్టారా అన్నది రెండో పరీక్ష. తర్వాత తేదీ. బెల్జియంలో చాలా సీసాల మీద నింపిన తేదీ ఉండదు, గడువు తేదీయే ఉంటుంది. యూరోపియన్ నిబంధనల ప్రకారం 10 శాతం, ఆపై ఆల్కహాల్ ఉన్నవాటికి అదీ తప్పనిసరి కాదు. ఒకే బ్రూవరీ సీసాలు వరసగా ఉంటే, అన్నిటికన్నా దూరపు గడువు ఉన్నది తాజాది. అమెరికా నుంచి వెళ్లే తెలుగువాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి: 05/03 అంటే బెల్జియంలో మార్చి 5, మే 3 కాదు. గూజ్ సీసాల మీద గడువు ఇరవై ఏళ్ల దాకా ఉంటుంది. దాని మీద దుమ్ము ఉన్నా భయపడక్కర్లేదు.

తేదీతో రుచి ఎలా మారుతుందో ఒకే బీరులో తెలుసుకోవాలంటే ఓర్వాల్ కొనాలి. ఈ ట్రాపిస్ట్ బీరు లేబుల్ మీద నింపిన తేదీ, ఐదేళ్ల తర్వాతి గడువు రెండూ వేస్తారు. నింపేటప్పుడు బ్రెటనోమైసిస్ అనే అడవి ఈస్ట్ కలుపుతారు. రెండు, మూడు నెలల సీసాలో హాప్స్ వాసన, చేదు ముందుంటాయి. ఆరు నెలలు దాటాక చేదు తగ్గి, తోలు, పాత చెక్క వాసన వస్తుంది, చక్కెర మిగలక నాలుక పొడిబారుతుంది. రెండు వేర్వేరు తేదీల సీసాలు కొని పక్కపక్కన పోసుకుంటే బీరు మీద పుస్తకం చదివినంత పని. చల్లదనం 12 నుంచి 14 డిగ్రీల మధ్య ఉండాలి, ఐస్‌లో ముంచితే ఆ వాసనలేవీ పైకి రావు. పోసేటప్పుడు అడుగున వేలెడు మందం మడ్డిని సీసాలోనే వదిలేయాలి.

ఓర్వాల్, వెస్ట్‌మాల్, షిమే, రోష్‌ఫోర్ కోసం గ్రాండ్ ప్లాస్ పక్కనున్న గిఫ్ట్ దుకాణాలకు వెళ్లడం డబ్బు దండగ. డెలేజ్, కారెఫోర్ లాంటి మామూలు సూపర్‌మార్కెట్లలో ఇవి చాలా తక్కువకు దొరుకుతాయి, బోన్ ఔదె గూజ్ కూడా తరచుగా ఉంటుంది. బిల్లులో సీసాకు కొద్ది సెంట్ల డిపాజిట్ కలుస్తుంది. ఖాళీ సీసాను దుకాణంలోని యంత్రంలో వేస్తే తిరిగొస్తుంది. చిన్న బ్రూవరీల కొత్త బీర్ల కోసం మాత్రం ప్రత్యేక దుకాణానికి వెళ్లాలి. సాన్ జీల్‌లో మాల్ట్ అటాక్స్, ఇక్సెల్‌లో బీర్ మానియా అలాంటివి.

వెస్ట్‌ఫ్లెటెరెన్ 12 అనే ట్రాపిస్ట్ బీరు గురించి ఒక హెచ్చరిక. సన్యాసులు దీన్ని ముందుగా బుక్ చేసుకున్నవాళ్లకు నేరుగా అమ్ముతారు, తిరిగి అమ్మకూడదన్నది వాళ్ల షరతు. బ్రసెల్స్ దుకాణాల అద్దాల్లో కనిపించేవి ఆ షరతును దాటి వచ్చినవి, ధర మఠం ధరకు ఎన్నో రెట్లు. ఆ డబ్బుకు రోష్‌ఫోర్ 10 సీసాలు చేతినిండా వస్తాయి, రుచిలో అది ఏ మాత్రం తీసిపోదు.

ఇంటికి తెచ్చుకోవాలంటే

విదేశాల నుంచి భారత్‌కు వచ్చే పెద్దవాళ్లకు సుంకం లేకుండా తెచ్చుకోనిచ్చే మద్యం మొత్తం 2 లీటర్లు. 33 సెంటీలీటర్ల సీసాలు ఆరైతే 1.98 లీటర్లు, సరిగ్గా సరిపోతాయి. గూజ్ అయితే 75 సెంటీలీటర్లవి రెండు, 37.5ది ఒకటి. ఎయిర్‌పోర్టులో విస్కీ కొనే ఆలోచన ఉంటే అది కూడా ఇందులోకే వస్తుంది. క్యాబిన్ బ్యాగులో 100 మిల్లీలీటర్లు దాటిన ద్రవాలు చాలా విమానాశ్రయాల్లో సెక్యూరిటీ దాటవు కాబట్టి అన్నీ చెక్-ఇన్ సామానులోనే పెట్టాలి. సామాను అరలోనూ గాలి పీడనం ఉంచుతారు, కాబట్టి సీసా పేలిపోతుందన్న భయం అక్కర్లేదు. పగిలేది పెట్టెను విసిరినప్పుడే. ఒక్కో సీసాను ప్లాస్టిక్ సంచిలో గట్టిగా మూసి, మందపాటి సాక్సులో దూర్చి, పెట్టె మధ్యలో బట్టల నడుమ పెట్టాలి. రెండు సీసాలు ఒకదానికొకటి తగలకూడదు, అంచుకూ చక్రాల వైపుకూ పెట్టకూడదు. బిరడా ఉన్న 75 సెంటీలీటర్ల గూజ్ సీసా మందపాటి గాజుది, ఒక్కోటి కిలోన్నర దాకా తూగుతుంది. లగేజీ బరువులో అది లెక్కేసుకోవాలి.

తెచ్చాక ఏది ముందు తాగాలన్నదానికీ మొదటి లెక్కే వర్తిస్తుంది. హాప్స్ బీరు తెస్తే ఆ వారమే తాగేయాలి. క్రీక్‌లో పండు వాసన నెలలు గడిచేకొద్దీ తగ్గుతుంది, ఏడాదిలోపు తెరవాలి. గూజ్, రోష్‌ఫోర్ ఏళ్ల తరబడి ఆగుతాయి గానీ హైదరాబాద్ ఏప్రిల్ వేడిలో అటక మీద కాదు. 40 డిగ్రీల గదిలో ఒక్క వేసవి గడిస్తే మామూలుగా ఏళ్లు పట్టే ముసలితనం నెలల్లో వచ్చేస్తుంది. ఫ్రిజ్ అడుగు అరలో నిలబెట్టి ఉంచడమే మార్గం.

మన దగ్గరి మైక్రోబ్రూవరీల్లోనూ ఇదే చూపు పనికొస్తుంది, లెక్క ఇంకా తేలిక. హైదరాబాద్, బెంగళూరు బ్రూపబ్‌లలో కాచిన చోటే బీరు పోస్తారు, జాబితాలో ఐదారు రకాలే ఉంటాయి. కాబట్టి ఈ ట్యాంకు ఎప్పుడు తెరిచారన్న ఒక్క ప్రశ్న చాలు. దాదాపు ప్రతి మెనూలోనూ కనిపించే బెల్జియన్ విట్ అడగండి. ధనియాలు, నారింజ తొక్క వేసి కాచే ఆ బీరు పుట్టింది బ్రసెల్స్‌కు తూర్పున ఉన్న గోధుమ పొలాల మధ్య. తాజాగా ఉంటే లేత పసుపుగా, మబ్బుగా ఉండి, ధనియాల వాసన ముక్కుకు వెంటనే తగులుతుంది. రంగు తేరిపోయి, తేనె వాసన వస్తుంటే ఆ ట్యాంకు చాలా రోజులదై ఉంటుంది. అప్పుడు స్టౌట్ అనే నల్ల బీరు వైపు వెళ్లాలి, దానికి కాలం అంత తొందరగా కీడు చెయ్యదు.